నరసింహప్ప పికప్పుకు మీటర్లు బిగించిన సంవత్సరం

బండి తాళం తిప్పండి. ఇంజను స్టార్టు చేయకుండా ఒక్క క్షణం ఆగి, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైట్లు వెలిగాయా లేదా చూడండి. వెలిగితే మంచిది. వెలగకపోతే ఇంకా మంచిదనుకుని సంతోషపడే డ్రైవర్ల పుణ్యమే నేనిన్నాళ్ళు తిన్న సంగటి.

హోసూరులో బండ్ల వైరింగ్ పనికి కొత్తగా దిగుతున్నవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరకు వచ్చి కూర్చుంటారు. "అన్నా, మీ కాలంలో పని ఎట్లుండె?" అని అడుగుతారు. నేనేమంత ముసలివాణ్ణి కాదు. జుట్టు సగమే నెరిసింది, నోరు అసలు నెరవలేదు. కళ్ళు మాత్రం మోసం చేశాయి. పచ్చ వైరు, నీలం వైరు ఒకే రంగులో కనపడడం మొదలైన రోజున అంగడి తలుపు మూసేశాను. రంగులు కలిసిపోయిన కళ్ళతో పని చేస్తే బండి ఊరికే ఉండదు, కాలుతుంది.

నన్ను ఎరిగినవాళ్ళు నేను చెప్పిన దాంట్లో పావు వంతు కోసేసి మిగతాది నమ్ముతారు. శూలగిరి ఎత్తులో మరిగిన రేడియేటరు ఆవిరి మీద రాగి సంగటి ఉడికించి ఆగిన లారీల వాళ్ళందరికీ పెట్టానని నేను చెబితే, సంగటి నిజం, 'అందరికీ' అన్నది అబద్ధం అనుకోండి. వైరు ఎక్కణ్ణించి ఎక్కడికి పోవాలో చెప్పేటప్పుడు మాత్రం నేను కథలు అల్లను.

ఇప్పుడు రాసేది అంతా దాదాపు ఒకే బండి గురించి. దాని డ్యాష్‌బోర్డులో ఎర్ర లైట్లు తీసి ముల్లు తిరిగే మీటర్లు పెట్టిన పని గురించి. అంతకంటే పెద్ద పనులు చాలా చేశాను. కానీ కళ్ళు మూసుకుంటే ఈ ఒక్క బండే వచ్చి అంగడి ముందు ఆగుతుంది.

లైటు చెప్పేదెంత

డెబ్భైల చివరి సంగతి. హోసూరుకు ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. కృష్ణగిరి రోడ్డుకు రెండు వైపులా చింతచెట్లు ఉండేవి. బండ్లు ఎంత తక్కువంటే, మలుపు తిరిగి కంటపడక ముందే, శబ్దాన్ని బట్టి అది ఎవరిదో మేము చెప్పేసేవాళ్ళం. "అదో, పాలబండి. సైలెన్సరు పగిలిండాది." "ఇది బర్గూరు గ్రానైటు లారీ, మూడో గేరు ఏడుస్తాండాది." టీ తాగుతూ ఈ పందెం ఆడేవాళ్ళం. ఇప్పుడు ఆ రోడ్డు మీద నిలబడితే అన్నీ కలిసి ఒకటే హోరు. ఒక్క బండి గొంతు కూడా విడిగా వినపడదు. ఆ పందెం ఆడడానికి మనసు కొట్టుకుంటుంది, ఏం లాభం!

ఒకప్పుడు అందరికంటే బాగా ఆ పందెం గెలిచేవాడు నరసింహప్ప. వేప్పనపల్లి దగ్గర పల్లె. బర్గూరులో ఒక క్వారీలో చాలాకాలం బండి నడిపాడు. అక్కడ తాను నడిపిన పాత పికప్పునే క్వారీ వాళ్ళు అమ్మేస్తుంటే, తన బామ్మర్ది గోవిందప్పతో కలిసి దాన్ని కొన్నాడు. ఇద్దరిదీ చెరి సగం. మామిడి కాలంలో మామిడికాయలు, మిగతా రోజుల్లో టమోటా, కొత్తిమీర, పెండ్లి సామాను, ఏది దొరికితే అది. పికప్పు పచ్చగా ఉండేది. అంటే ఒకప్పుడు ఉండేది. నేను చూసేనాటికి అది నాలుగు రకాల పచ్చ.

ఆ బండికి డ్యాష్‌బోర్డులో మూడు ఎర్ర లైట్లు. ఒకటి ఇంజనాయిలుకు, ఒకటి నీళ్ళ వేడికి, ఒకటి బ్యాటరీ ఛార్జింగుకు. ఒకనాడు ఎద్దుల జతకు తాడు కట్టి ఆ బండిని లాక్కొచ్చి మా అంగడి ముందు వదిలారు. ఇంజను పట్టేసింది. ఆయిలు లేక లోపలి బేరింగులు కరిగి అతుక్కుపోయాయి.

"ఆయిలు లైటు వెలగలేదా?" అన్నాను.

"లేదప్పా. నా మీద ఒట్టు."

కూర్చుని చూశాను. బల్బు బాగానే ఉంది. వైరు బాగానే ఉంది. కానీ ఎర్ర గాజు కనపడలేదు. దాని మీద గట్టిగా ఆరిపోయిన చందనం, పైన అణా బిళ్ళంత కుంకుమ బొట్టు. ఆయుధ పూజ నాడు బండికి పూజ చేస్తూ, స్టీరింగుకు, హారనుకు, అద్దానికి పెట్టినట్టే ఆ లైటుకూ బొట్టు పెట్టారు. ఎర్రగా దీపంలా వెలుగుతుంది కదా, అదే దేవుడి చోటు అనుకున్నారు. ఆ బొట్టు కింద లైటు పాపం ఎంతసేపు వెలిగి, ఎంత అరిచిందో.

"దీన్ని ఎందుకు తుడవలేదు?"

నరసింహప్ప నన్ను పాపాత్ముణ్ణి చూసినట్టు చూశాడు. "సామి బొట్టు తుడస్తారా ఎవురైనా? నీకి మతి ఉండాదా సీనప్పా?"

నవ్వకండి. ఆ సంవత్సరం హోసూరు, కృష్ణగిరి మధ్య నేను చూసిన బండ్లలో సగానికి ఆ బొట్టు ఆ లైటు మీదే ఉంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు మొదట తెలుసుకోవలసింది ఇది: బండిని తయారుచేసినవాడు ఒకటి అనుకుని లైటు పెడతాడు, దాన్ని నడిపేవాడు ఇంకొకటి అనుకుని దాన్ని చూస్తాడు. మన పని ఆ ఇద్దరి మధ్య.

మునిరత్నం మేస్త్రీ

నాకు పని నేర్పినవాడు కృష్ణగిరిలో మునిరత్నం మేస్త్రీ. అప్పటికి నేను హోసూరులో వేరే అంగడి పెట్టుకున్నా, చిక్కు వస్తే బస్సెక్కి ఆయన దగ్గరికే పోయేవాణ్ణి. ఆయన మంచివాడని చెప్పలేను. నోరు చెడ్డది, చెయ్యి ఇంకా చెడ్డది. స్క్రూడ్రైవరు తిరగేసి వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు. అలా కొట్టి నేర్పడం గొప్ప అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నేను అనను. ఆయన కొట్టింది నాకు గుర్తుంది, ఎందుకు కొట్టాడో చాలాసార్లు గుర్తు లేదు. కొట్టకుండా చెప్పినవే పనికొచ్చాయి.

అలా చెప్పిన మాట ఒకటి: "లైటు పెండ్లాం మాదిరిరా సీనా. పరిస్థితి చెయ్యి దాటినాకనే అరుస్తాది. ముల్లు అత్త మాదిరి. పొద్దుగూకులూ సణగతానే ఉంటాది. బండికి అత్తే మేలు."

ఆ మాటకు వాళ్ళావిడ లోపల్నించి చెంబు విసిరిన సంగతి నిజం. అది ఆయనకు తగలలేదు, నాకు తగిలింది.

మాట మోటుగా ఉన్నా లోపల విషయం ఉంది. ఎర్ర లైటుకు ఇంజను దగ్గర ఉండేది ఉత్త స్విచ్చి. ఆయిలు ఒత్తిడి బాగా పడిపోతే కలుస్తుంది, లైటు వెలుగుతుంది. అంతే, ఉందా లేదా అన్నదే దానికి తెలుసు. మీటరు ముల్లుకు అలా కాదు. ఎంత ఉంది, ఎంత తగ్గుతోంది అని చెప్పాలి కాబట్టి, ఇంజను దగ్గర దానికి తగ్గ వేరే బుడ్డి బిగించాలి. దాన్ని మేము యూనిట్ అనేవాళ్ళం. ఏ మీటరుకు ఆ యూనిటే. పాత స్విచ్చికే మీటరు వైరు తగిలించి డబ్బు పుచ్చుకునేవాళ్ళను చూశాను. అప్పుడు ముల్లు ఒకటే ఈ చివర, లేదా ఒకటే ఆ చివర. ఒక కంపెనీ మీటరుకు ఇంకో కంపెనీ యూనిట్ బిగిస్తే ఇంకా ప్రమాదం. ముల్లు చక్కగా కదులుతుంది, చక్కగా అబద్ధం చెబుతుంది. నాలాంటివాణ్ణి బండిలో కూర్చోబెట్టినట్టు.

ఇంకొకటి కూడా. మీటరు పెట్టాం కదా అని లైటు పీకి పారేయకండి. కొత్తరకం బండ్లలో ఛార్జింగు లైటు తీసేస్తే ఛార్జింగే ఆగిపోతుంది. ఆయిలుకైతే మూడు మూతుల జాయింటు వేసి, ఒకవైపు పాత స్విచ్చి, ఒకవైపు కొత్త యూనిట్ బిగించండి. అత్తా కోడళ్ళు ఒకే ఇంట్లో ఉండొచ్చు. చోటు మాత్రం చూపించాలి.

శెట్టి పంచె

ఆయిలు మీటర్లలో రెండో రకం ఉంది. దానికి కరెంటు అక్కర్లేదు. ఇంజను నుంచి సన్న గొట్టం నేరుగా డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది, ఆయిలే వచ్చి ముల్లును తోస్తుంది. నమ్మకంగా చెబుతుంది. గొట్టం రాగిదైతే మంచిది, ప్లాస్టిక్కుదైతే భగవంతుడి దయ.

కృష్ణగిరిలో పప్పు దినుసుల వ్యాపారం చేసే ఒక శెట్టిగారు తన వ్యానుకు ప్లాస్టిక్కు గొట్టమే వేయమన్నాడు. వద్దని చెప్పాను. వినలేదు. కొడుకు పెండ్లి మాటలకు తెల్ల పట్టుపంచె కట్టుకుని ముందు సీట్లో కూర్చుని కల్లావికి బయల్దేరాడు. దారిలో గొట్టం చీలింది. వేడి ఆయిలు నేరుగా పంచె మీదికి. కాలు కాలలేదు, మర్యాద కాలింది. పిల్ల వాళ్ళింట్లో అడుగు పెట్టగానే అమ్మాయి అవ్వ అడిగిందట: "ఏం శెట్టీ, మీ ఇండ్లల్ల పంచెలు తాళింపు పెట్టి కట్టుకుంటారా?"

పెండ్లి కుదిరింది. ఆ అవ్వ పోయేదాకా శెట్టిగారిని తాళింపు శెట్టి అనే పిలిచింది. కోసేసే పావు వంతు ఇందులో లేదు, అంతా నిజమే.

ముళ్ళు నా వైపు తిప్పు

నరసింహప్ప పికప్పుకు ఇంజను మళ్ళీ కట్టించారు. దానికి గోవిందప్పే ఎక్కువ తెచ్చి పెట్టాడు. పెట్టి, మాట కూడా పెట్టాడు.

"ఇంగొకసారి ఇట్లయితే ఊరుకోను బావా. స్టీరింగ్ నాకిచ్చేసి నువ్వు ఇంట్లో కూసో."

నరసింహప్పకు బండి నడపడం తప్ప ఇంకోటి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మామిడి కాలం ముందుండగా బండి తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. పక్కన భార్య రత్నమ్మ. అంతకు ముందు ఆమె బండెక్కగా నేను చూడలేదు.

"మూడు మీటర్లు పెట్టు సీనప్పా," అన్నాడు. "పెద్దవి. ముళ్ళు నా వైపు తిప్పి బిగించు. లోపల బల్బు గెట్టిగా వెలగల్ల."

బెంగళూరులో పాత సామాన్లు అమ్మే గుజరీ అంగళ్ళలో రెండు పూటలు తిరిగి, పాత లారీ నుంచి తీసిన పెద్ద మీటర్లు తెచ్చాను. వాటికి తగిన యూనిట్లు కూడా అదే గుట్టలో వెతికి తెచ్చాను. ఛార్జింగు మీటరుకు లావు వైరు లాగాను. బండి కరెంటంతా దాని గుండానే పోవాలి, సన్న వైరైతే పొగే. రేకు వంచి ముందు వైపు వాలుగా పలక చేసి, మూడింటినీ స్టీరింగుకు ఎదురుగా కూర్చోబెట్టాను. ఇక బొట్టు సంగతి మిగిలింది. మునిరత్నం మేస్త్రీని అడిగితే ఆయనే దారి చెప్పాడు: "బొట్టు పెట్టొద్దని చెప్పేకి నువ్వెవురు? చోటు చూపించు." ఇంజను బాగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడ నిలుస్తుందో అక్కడ గాజు మీద చిన్న బొట్టు పెట్టమన్నాను. ముల్లు బొట్టును తాకుతూ ఉంటే అంతా క్షేమం. రత్నమ్మే స్వయంగా పెట్టింది. ఆ తర్వాత ఈ ప్రాంతంలో ఎన్ని బండ్లకు అలా బొట్లు పడ్డాయో లెక్క లేదు.

అన్నీ అయ్యాక ఇంజను స్టార్టు చేశాను. ఫ్యాను బెల్టు బిగించడం అప్పటికింకా కాలేదు. అది కీచుమని ఒక్క అరుపు అరిచింది చూడండి, పక్క హోటల్లో దోసె తిప్పేవాడు అట్లకాడ వదిలేశాడు. రత్నమ్మ చెవులు మూసుకుంది. నేను మూసుకున్నాను. నరసింహప్ప మాత్రం మీటర్లు చూస్తూ, తొలిసారి చంటిబిడ్డ మొహం చూసే తండ్రిలా నవ్వుతున్నాడు.

ఇంజను ఆపాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ముళ్ళు కిందికి వాలాక గానీ "ఏంటికి ఆపినావు?" అనలేదు.

నేను రత్నమ్మ వైపు చూశాను. ఆమె తల వంచుకుంది.

"ఎప్పట్నించి అక్కా?"

"క్వారీలో ఉన్నెప్పుడే మొదలాయె," అంది. "ఆ మందు పేలుళ్ళు, ఆ మిషన్లు... మొదుట ఒక చెవి. ఇప్పుడు ఎదురుగా నిలబడి గెట్టిగా చెప్తే మాట పడతాది. బండి సద్దు మాత్రం అసలు ఇనపడదు. వెనక లారీ హారన్ కొడితే నేను తొడ మీద తట్టతాను. దానికే నేను బండెక్కేది. ఊర్లో వాళ్ళేమో పెండ్లాన్ని వదిలి ఒక గడియ ఉండలేడని నవ్వతారు."

నరసింహప్ప మా పెదవులు చూస్తూనే ఉన్నాడు. దాచడం ఇక కుదరదని అర్థమైంది.

"గోవిందుకి చెప్పద్దప్పా," అన్నాడు. "చెప్పితే తాళం తీసుకుంటాడు. ఇంజను ఏమంటాందో చెవుతో పట్టేవాణ్ణి. ఇప్పుడు కంటితో పడతాను. అంతే గదా?"

అంతే కాదని నాకు తెలుసు. రోడ్డు మీద ఇంజను ఒక్కటే మాట్లాడదు. కానీ పందెంలో మమ్మల్నందరినీ ఓడించిన మనిషి ముఖం అది. నేను చెప్పనన్నాను. అది సరైన పనో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. మీరు ఆ చోట ఉంటే ఏం చేస్తారో ఆలోచించుకోండి.

శూలగిరి ఎత్తు

మామిడి కాలం మొదలైంది. ఒకరోజు వేప్పనపల్లిలో ఒక తోట యజమాని జీపు చూసి వస్తూ నరసింహప్ప ఇంటికి వెళ్ళాను. బండికి కాయల బుట్టలు ఎత్తుతున్నారు. ఆ రోజు రత్నమ్మకు జ్వరం. గోవిందప్ప ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"పద బావా, హోసూరు మండీ దాకా నేనూ వస్తాను. రేటు నేను మాట్లాడతా."

నరసింహప్ప నా వైపు చూశాడు. ఆ చూపు అర్థమై, నేనూ హోసూరుకే అంటూ ఇద్దరి మధ్య దూరి కూర్చున్నాను. గేరు రాడ్డు మోకాళ్ళ మధ్య, నా చెయ్యి నరసింహప్ప తొడ పక్కన. వెనక హారన్ మోగినప్పుడల్లా తట్టడం నా పని. పెద్ద రోడ్డెక్కాక లారీలు ఎక్కువయ్యాయి. తట్టాను. మళ్ళీ తట్టాను.

కాసేపటికి గోవిందప్ప నా చెయ్యి కేసి చూశాడు.

"ఏం సీనప్పా, మా బావ తొడ మీద తాళమేస్తాండావు?"

"భజన అలవాటప్పా," అన్నాను. "రాముడి కీర్తన ఒకటి మనసులో తిరుగుతాండాది. చెయ్యి ఊరుకోదు."

"అది లారీ వచ్చినప్పుడే తిరుగుతాదా?"

నేను గొంతు సవరించుకుని ఆ కీర్తన పైకే అందుకున్నాను.

శూలగిరి ఎత్తు మొదలైంది. రెండో గేరులో బండి మెల్లగా ఎక్కుతోంది. ఉన్నట్టుండి నరసింహప్ప బండిని రోడ్డు పక్కకు తీసి నిలిపాడు.

"ఏమాయె?" అన్నాడు గోవిందప్ప. "సద్దు బాగనే ఉండాది గదా!"

నరసింహప్ప మీటర్ల కేసి వంగాడు. వేలు పెట్టి చూపించాడు. ఆయిలు ముల్లు బొట్టును వదిలి కిందికి జారి ఉంది. ఎర్ర లైటు ఇంకా వెలగనే లేదు.

ఇంజను ఆపేసి, దిగి బండి కిందికి వంగి చూశాం. ఆయిలు తొట్టి అడుగున ఉండే బిరడా సగం ఊడి, ఆయిలు ధారగా కారుతోంది. ముందురోజు ఆయిలు మార్చినవాడు గోవిందప్ప. బిరడా బిగించడం సగంలో వదిలి, ఎవరో పిలిస్తే పోయాడు. ఇంకొంచెం దూరం పోయుంటే బేరింగులు మళ్ళీ కరిగేవి. గోవిందప్ప తానే కిందికి దూరి బిరడా బిగించాడు. వెనక డబ్బాలో ఉన్న ఆయిలు నరసింహప్ప పోశాడు. నేను బండ మీద కూర్చుని, ఇక గోవిందప్ప బండి తాళం తీసుకుంటాడన్న భయం తీరిపోయిందని, ఈ కథ హోసూరులో ఎలా చెప్పాలా అని అప్పుడే రంగులు అద్దుకుంటున్నాను.

నరసింహప్ప బానెట్ కిందికి తల పెట్టి, చేతులు ఆనించి, ఆయిలు ఒలికిన చోట గుడ్డతో తుడుస్తున్నాడు. హారన్ ఆయన చెవికి జానెడు దూరంలో ఉంది. గోవిందప్ప చేతులు తుడుచుకుని సీట్లోకి ఎక్కుతూ, పట్టు కోసం స్టీరింగు పట్టుకున్నాడు. మోచెయ్యి హారన్ మీద పడింది.

పక్కన మేస్తున్న మేకల మంద గుట్టెక్కి పారిపోయింది. నేను బండ మీద నుంచి ఎగిరి పడ్డాను. నరసింహప్ప తుడుస్తూనే ఉన్నాడు. గుడ్డ మడత మార్చి, రెండో వైపుతో మళ్ళీ తుడిచాడు.

గోవిందప్ప మెల్లగా దిగాడు. ఈసారి కావాలనే కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంకోసారి నొక్కాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

అతను కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు. బావ తుడవడం అయ్యేదాకా పక్కన నిలబడ్డాడు. ఆ మనిషి గురించి నేను చాలాచోట్ల వెటకారంగా మాట్లాడాను గానీ, ఆ రోజు అతను చేసింది నేను చేయగలిగేవాణ్ణి కాదు. బానెట్ మూశాక బావ ఎదురుగా వచ్చి, పెదవులు బాగా కనపడేలా నిలబడ్డాడు.

"హోసూరు దాకా నువ్వే నడుపు బావా. సీనప్ప నీ తొడ మీద భజన చేస్తాడు. రేప్పొద్దునించి పెద్ద రోడ్డు నాది. తోటల్నించి వేప్పనపల్లి దాకా నీది. అక్క పక్కన ఉండల్ల."

నరసింహప్ప తల ఊపాడు. ఎక్కి స్టార్టు చేశాడు. హోసూరు వచ్చేదాకా ఆయన మీటర్లు ఎంతసేపు చూశాడో, కిటికీలోంచి చింతచెట్లను అంతసేపు చూశాడు. ఏ చెట్టు దగ్గర ఏ గేరు మార్చాలో తెలిసిన రోడ్డు అది. మండీ దగ్గర ఆగాక కూడా వెంటనే దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉంచి, "బాగుండె రోడ్డు," అన్నాడు.

తర్వాత

ఆ ఏర్పాటు చాలాకాలం నిలిచింది. తోట దారుల్లో నరసింహప్ప ఒక్కసారి కూడా ఇంజను పాడు కానివ్వలేదు. ఈ పనిలో చేరేవాళ్ళకు ఇది చెప్పాలనిపిస్తుంది: మనం బిగించిన వస్తువు మనిషి పోగొట్టుకున్నదాన్ని తిరిగి ఇవ్వదు. ఇంకొన్నాళ్ళు నడవనిస్తుంది. దాన్ని చిన్నదనుకోకండి. పెద్దదని గొప్పలూ చెప్పకండి.

ఎనభైల మధ్యలో ఆయనకు మాట కూడా వినపడడం ఆగిపోయింది. పెదవులు చూసి పట్టుకునేవాడు. పండక్కో, బట్టలకో, గోవిందప్ప బండి హోసూరుకు తెచ్చినప్పుడు భార్యాభర్తలు కూడా ఎక్కి వచ్చేవాళ్ళు. గోవిందప్ప బండి అక్కడే వదిలి మండీ పని చూసుకునేదాకా వాళ్ళు నా అంగట్లో కూర్చునేవాళ్ళు. మీటర్లు చూడమని ఆయన వంక పెట్టేవాడు. వాటికి ఏమీ ఉండేది కాదు. గాజు తుడిచి, ఇంజను స్టార్టు చేసి, ముళ్ళు బొట్ల దగ్గర నిలిచాయని చెయ్యి చూపేవాణ్ణి.

అలా వచ్చిన ఒక మధ్యాహ్నం, బండి అంగడి ముందు స్టార్టులోనే ఉంది. నరసింహప్ప దానికి వీపు పెట్టి, నాకు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"సీనప్పా, ముల్లు చెప్పేది నాకి తెలుసు. సద్దు ఎట్లుండాదో చెప్పు."

"బాగుంది."

"థూ, అదేం మాట! ఊరంతా అబద్దాలు చెప్తావే, నాకి చెప్పేకి నోట్లో ముత్యాలు రాలతాయా?"

రత్నమ్మ నవ్వింది. సరే అని మొదలుపెట్టాను. అడుగున పెద్ద గంగాళంలో మజ్జిగ చిలుకుతున్నట్టుందని చెప్పాను. దాని పైన ఎవరో మంచి చెయ్యి తిరిగినవాడు పలక డప్పు వాయిస్తున్నట్టుందని, రెండో వాల్వు మాత్రం కొత్త కోడలి గాజులా సన్నగా కదులుతోందని చెప్పాను. ఆయన కళ్ళు సగం మూసి, మళ్ళీ నా పెదవులు తప్పిపోతాయని గబుక్కున తెరిచాడు.

"ఆ గాజుల సద్దు నాకి తెలుసు," అన్నాడు. "క్వారీలో ఉన్నెప్పుడే ఉండె. ఇంగా?"

రత్నమ్మ లేచింది. ఊరికే పెట్రోలు కాలిపోతోందనుకుందేమో, బండిలోకి చెయ్యి పెట్టి ఇంజను ఆపేసింది. వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆయన భుజం మీదుగా నాకు డ్యాష్‌బోర్డు కనపడుతోంది. మూడు ముళ్ళూ కిందికి వాలిపోయాయి. ఆమె నా వైపు తిరిగి, నువ్వు చెప్పడం ఆపొద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"ఇంగా చెప్పప్పా," అన్నాడు నరసింహప్ప, నా పెదవుల నుంచి చూపు తిప్పకుండా. "ఇప్పుడెట్లుండాది?"

ఇప్పుడు శూలగిరి ఎత్తు ఎక్కుతోందని చెప్పాను. రెండో గేరులో ఉందని, గొంతు కొంచెం బరువెక్కిందని, మలుపు దాటుతూ తేలిక పడుతోందని చెప్పాను. ఆయన ఎడమ చెయ్యి మోకాలి పక్కన గాలిలో లేచి, మూడో గేరు వేసింది.